నీళ్లు మిగిలిన ఇల్లు

దివిసీమ తుపాను తర్వాతి వేసవి. కాలవలకి నీళ్లు ముందుగానే కట్టేశారు. ఏప్రిల్ సగం గడిచేసరికి బెజవాడ కుళాయిల్లో ధార సన్నబడింది. మునిసిపాలిటీ వాళ్లు రిక్షాకి మైకు కట్టి వీధివీధీ చాటించారు. కిందటి వేసవి కంటే తక్కువ నీళ్లు వాడిన ఇళ్లకి నీటిపన్నులో సగం తగ్గిస్తారట. వార్డు మొత్తమ్మీద అందరికంటే ఎక్కువ పొదుపు చేసిన ఇంటికి సభ పెట్టి ఇత్తడి బిందె ఇస్తారట.

షాహీదా విన్నది గానీ పట్టించుకోలేదు. ఆమెకి యాభై దాటాయి. భర్త పోయి పన్నెండేళ్లయింది, పిల్లల్లేరు. బట్టల కొట్టువాళ్లు పంపే లంగాలు కుట్టి బతుకుతోంది. నిరుటి దాకా చెల్లెలు నజీమా, ఆమె భర్త నవాబ్, వాళ్ల నలుగురు పిల్లలూ ఆ ఇంట్లోనే ఉండేవారు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషను కడుతుంటే నవాబ్‌కి వెల్డరు పని దొరికింది. ఉండటానికి క్వార్టరు కూడా ఇచ్చారు. సామానంతా లారీకెక్కాక, నువ్వూ రాకూడదా ఆపా అని నజీమా అడిగింది. ఇల్లెవరు చూస్తారని షాహీదా అంది. అంతటితో ఆ మాట ముగిసింది. ఇబ్రహీంపట్నం బస్సులో గంట ప్రయాణం కూడా కాదు. అయినా ఈ ఏడు నెలల్లో వాళ్లు వచ్చింది బక్రీదుకి ఒక్కసారే.

జూన్ మొదట్లో మీటర్లు చూసే కాశీరావు వచ్చాడు. కొత్తగా ఈ వార్డుకి వేశారతన్ని. మీటరు మీద దుమ్ము తుడిచి చూసి, చేతిలో ఉన్న కార్డు చూసి, మళ్లీ వంగి చూశాడు. మీటరు ఆగిపోయిందేమోనని కుళాయి తిప్పించాడు. ముల్లు తిరిగింది.

"ఇంత పొదుపు నేనెక్కడా చూళ్లేదండి. ఎలా చేశారు?" అన్నాడు.

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషితో, నావాళ్లు వెళ్లిపోయారు, ఒక్కదాన్నే ఉంటున్నానని చెప్పుకోవడం ఆమెకి సిగ్గనిపించింది.

"ఏదో, జాగ్రత్తగా వాడుకుంటున్నానండి" అంది.

కాశీరావు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆమె సంగతి చెప్పాడు. రెండో రోజుకి వెనక వీధుల నుంచి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఏం చేస్తున్నారో మాకూ చెప్పండని అడిగారు.  పక్కింటి గంగారత్నం చేసే పనులు షాహీదా గోడ మీదుగా రోజూ చూస్తూనే ఉంది. అవే చెప్పింది. బియ్యం కడిగిన నీళ్లు గోంగూర మడికి పొయ్యాలి. బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్లతో వాకిలి కడుక్కోవాలి. పిల్లలందరినీ ఒకే గంగాళంలో నిలబెట్టి స్నానం చేయించాలి. మీ పిల్లలేరని ఎవరూ అడగలేదు.

అలా పదిరోజులపాటు ఆ ఇంట్లో సందడిగా ఉంది. వచ్చినవాళ్లు మంచం మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. షాహీదా టీ పెట్టేది. సాయంత్రమైతే చీర మార్చుకుని ఎదురుచూసేది. గోడ అవతల గంగారత్నం ఎనిమిదిమంది ఉన్న సంసారానికి చెంబులు లెక్కపెట్టి నీళ్లు సర్దుకుంటూనే ఉంది. ఆమెకి అన్నీ తెలుసు. కిందటేడు ఈ ఇంట్లో ఏడుగురు ఉండేవారని తెలుసు. ఒక్క మాట అనలేదు. అదే షాహీదాకి ముల్లులా గుచ్చుకునేది.

సభనాడు వార్డు ఆఫీసు ముందు షామియానా వేశారు. ఆఫీసరు షాహీదా పేరు పిలిచి, తోటి ఆడవాళ్లకి ఉపయోగపడేలా రెండు మాటలు చెప్పమన్నాడు. ఆమె మైకు ముందు నిలబడింది. చిట్టచివర, మనవణ్ణి చంకనేసుకుని నిలబడ్డ గంగారత్నం కనిపించింది.

"నేనేం పొదుపు చెయ్యలేదండి. నిరుడు మా ఇంట్లో ఏడుగురం. ఇప్పుడు నేనొక్కదాన్నే. మనుషులు తగ్గారు గనక నీళ్లు తగ్గాయి. మీకు చెప్పినవన్నీ మా పక్కింటి గంగారత్నం గారు చేసేవి."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. ఆఫీసరు కాశీరావు వైపు చూశాడు. కాశీరావు కాగితంలోకి చూశాడు. జాబితాలో రెండో పేరు గంగారత్నానిదే. బిందె ఆమెకిచ్చారు. షాహీదా వచ్చి తన చోట కూర్చుంది. పక్కన కూర్చున్నవాళ్లు కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నారు.

ఆ సాయంత్రం గంగారత్నం ఉత్తచేతులతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"అందరిముందూ అలా చెప్పుకోకపోతేనేం షాహీదమ్మ గారూ? నేనెవరికీ చెప్పేదాన్ని కాదు."

"మీరెందుకు ఊరుకున్నారండీ? అది మీకు రావలసిన బిందె."

గంగారత్నం ఖాళీ మంచం వైపు చూసింది. "మీ ఇంట్లోంచి మళ్లీ మాటలు వినబడుతున్నాయి. ఏడునెలలైంది విని. పోనీలే అనుకున్నాను."

షాహీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో గోడ అవతల ఎవరో పిలిస్తే గంగారత్నం లేచి వెళ్లింది.

మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. కోపమేమీ లేదు, నేర్చుకోవడానికి అక్కడేమీ లేదు, అంతే. వారం గడిచాక షాహీదా నజీమాకి కార్డు రాసింది. ఎప్పుడూ ఇక్కడంతా క్షేమమని రాసేది. ఈసారి, ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని రాసింది.

ఆదివారం నజీమా చిన్నదాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. రాత్రి అన్నాలయ్యాక తలవంచుకుని చెప్పింది: "క్వార్టరంటే ఒకటే గది ఆపా. నువ్వు వస్తానంటే ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక, గట్టిగా పిలవలేదు. మొహం చెల్లక రాలేదు." ఇద్దరూ ఏడ్చారు. ఇకనుంచి నెలకోసారి వస్తానంది నజీమా. వస్తుందనే షాహీదా నమ్మింది. కానీ నెలకి తక్కిన ఇరవైతొమ్మిది రోజులూ ఉంటాయని కూడా ఆమెకి తెలుసు.

మంగళవారం పొద్దున వాళ్లని బస్సెక్కించి ఇంటికొచ్చింది. కొట్టుకి మధ్యాహ్నానికల్లా లంగాలు అందించాలి. మిషను ముందు కూర్చుని రెండు కుట్లు వేసిందో లేదో, గోడ అవతల నుంచి గంగారత్నం గొంతు వినబడింది.

"చెల్లెలు వెళ్లిందాండీ?"

"వెళ్లిందండి."

"ఏమన్నా తిన్నారా?"

"ఇంకా లేదండి."

అంతలో అటు మనవడు ఏడుపందుకుంటే గంగారత్నం లోపలికి వెళ్లింది. వాడి ఏడుపు ఇంకా వినబడుతూనే ఉంది. షాహీదా కాసేపు చెవి ఒగ్గి విని, దారం తెగితే మళ్లీ సూదికి ఎక్కించుకుంది.