మాగని ఎరువు

పళ్ళ షావుకారు ఇరవై ఏళ్ళు పళ్ళు మాగబెట్టి అమ్మినవాడు. గడ్డిలోకి చెయ్యి దూర్చి, వెచ్చగా తగిలితే సరుకు దారికొచ్చినట్టే అనేవాడు. పూర్తిగా మాగేదాకా కూర్చున్నవాడికి కుళ్ళు మిగులుతుంది. సగంలో అమ్మినవాడికి మిగతా సగం దారిలోనే మాగుతుంది. ఆ ఒక్క సూత్రమే అతన్ని మనిషిని చేసింది.

మార్కెట్లో పారబోసే తొక్కలతో, కుళ్ళిన కూరలతో ఎరువు చెయ్యడం మొదలుపెట్టినప్పుడూ అదే సూత్రం వెంట తెచ్చుకున్నాడు. కుప్పలో చెయ్యి పెడితే చురుక్కుమంది. మాగిందన్నాడు, బస్తాలకెత్తించాడు. మొదటి బస్తాలు సొంత అక్కకే ఇచ్చాడు. ఆవిడ టమాటా నారు పెంచి రైతులకి అమ్ముతుంది.

ఎనిమిదో రోజున అక్క రమ్మని కబురు పెట్టింది.

నారుమడి పసుపు పూసినట్టుంది. గట్టు మీద వానపాములు ఎండి పురికొస ముక్కల్లా పడున్నాయి. మట్టిలోంచి ఘాటు వాసన ముక్కుకి కొట్టింది.

"రావోయ్ బావమరిదీ," అన్నాడు బావ, గట్టు మీంచి లేవకుండానే. "మీ అక్కతో పాతికేళ్ళుగా వేగుతున్నాను నేను. పాపం, వానపాములు నీ ఎరువుతో వారం కూడా వేగలేకపోయాయి."

అక్క నవ్వలేదు. "కుప్ప చల్లారాకేనా ఎత్తించింది?"

"చల్లారడమేంటక్కా? వెచ్చగా ఉంటేనేగా మాగినట్టు."

అక్క మడిలోంచి గుప్పెడు మట్టి తీసి తమ్ముడి ముందు పెట్టింది. "అది పళ్ళ లెక్కరా. కుప్ప వెచ్చగా ఉందంటే లోపల కంటికి కనపడని జీవాలు ఇంకా తింటున్నాయని. తిండి అయిపోయాక అదే చల్లబడుతుంది, వానకి తడిసిన మట్టి వాసనొస్తుంది. నువ్వు వాటి ఆకలి తీరకుండానే తెచ్చి నా మడిలో దింపావు. నేలలో ఉన్న నత్రజనంతా అవే లాగేసుకున్నాయి. మొక్కకేం మిగిలింది?"

"అయితే నేల పాడైనట్టేనా?"

"నేలకేం కాదు. నెలన్నరకి సర్దుకుంటుంది, అవి తిన్నదంతా మళ్ళీ దానికే వస్తుంది. నారే బతకదు."

షావుకారు గట్టు మీద చతికిలబడ్డాడు. అదే కుప్పలోంచి మొన్న మరో తొమ్మిది మందికి ఎరువు వెళ్ళింది.

"ఎండదెబ్బ అని చెప్పెయ్," అన్నాడు బావ. "ఎండ వచ్చి కాదంటుందా?"

ఆ మాట షావుకారుకి అప్పటికే తట్టింది. నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది, తొమ్మిది మళ్ళు పోతాయి. నోరు తెరిస్తే పేరు ఇవాళే పోతుంది, మళ్ళు దక్కుతాయో లేదో చెప్పలేం. ఎటు చూసినా నష్టం బేరమే. అక్క వంగి పాలిపోయిన నారు ఒక్కొక్కటే పీకుతోంది.

అతను ఫోను తీసి మొదట సోడాబుడ్డికి చేశాడు. దళసరి కళ్ళద్దాల ఆ కూరగాయల రైతే అందరికంటే ఎక్కువ బస్తాలు తీసుకున్నాడు.

"విత్తనం వేశావా?"

"మా ఆవిడ వేస్తోంది. సగం మడి అయింది."

"ఆపమను. నేనిచ్చింది పచ్చి ఎరువు. తప్పు నాదే. నెలన్నర ఆగాలి."



"నెలన్నరంటే అదను దాటిపోతుందిగా షావుకారూ."

"దాటిపోతుంది."

"నడుం పడిపోయేలా పొద్దుట్నించీ వంగే ఉంది. ఈ మాట నా నోటితో చెప్పలేను. నువ్వే చెప్పుకో."

ఫోన్లో అడుగుల చప్పుడు, తర్వాత ఎవరో చేతుల మట్టి దులుపుకుంటున్న చప్పుడు. షావుకారు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.