చోటు మాఱని యిల్లు

శరన్మేఘశకలములు ఏకిన దూదివలె నాకసమునఁ జెదరి తేలియాడుచుండ, అస్తాచలోన్ముఖుఁడైన దినకరుని కనకకిరణములు భీమునిపట్టణపుఁ గడలితరంగములపైఁ దళతళ మెఱయుచుండ, సరుగుడుతోఁటలలోనుండి వచ్చు నుప్పుగాలి యచ్చటి యంధశరణాలయ సభామంటపమందలి మామిడితోరణములను మెల్లమెల్లన నూఁచుచుండెను. చూచువారికెల్లఁ గన్నులపండువైన యా సాయంకాలము వేదికపైఁ బూలమాల చేతఁబట్టుకొని కూర్చున్న సుభద్రమ్మకు మాత్రము ఊపిరాడని బోనుగా నుండెను.

ఆమె యచ్చట నుపాధ్యాయిని. నాఁటి సన్మానము ఆ శరణాలయమును స్థాపించి కన్నబిడ్డవలెఁ బెంచిన అప్పలాచార్యులవారికి. బంధుపరిత్యక్తులై భిక్షాటనమునఁ బొట్టపోసికొనుచున్న యంధజనులను వీథులనుండి తోడ్కొనివచ్చి, చాపలల్లుటయు నూలువడఁకుటయు నేర్పి, తలయెత్తుకొని తిరుగఁజేసిన యా మహానుభావుఁడు మిక్కిలి శాంతుఁడేకాని, ఆ యింట నేదేని వస్తువు తన చోటునుండి జానెడు జరిగెనా, యిల్లెగిరిపోవునట్లు కేకలువైచును. "కడవ కదపినవారెవరు? ఎవరి కాలు విఱుగఁగొట్టఁ దలఁచితిరి?" అని గద్దించును. అందువలననే యచ్చటివారు చేతికఱ్ఱ లేకయే యిల్లంతయుఁ దిరుగుచుందురు. క్రొత్తగాఁ జేరినవారు మాత్రము మొదటిదినమునఁ బాతవారి భుజముపైఁ జేయివైచి వెంట నడచి చోట్లు తెలిసికొనవలయును. అది యా యింటి యాచారము.

వస్తువులు కదపరాదను నియమమే రెండేండ్లుగా ఆచార్యులవారినిఁ గూడఁ గాచుచున్నదని సుభద్రమ్మకుఁ దెలియును. పాపము, ఆయన చూపు నానాఁటికి మసకవాఱి యొకనాఁటితో నాఱిపోయెను. "ధర్మకర్తలకుఁ దెలిసెనా, నన్నింటికిఁ బంపి తమ చుట్టమునొకనిఁ దెచ్చి కూర్చుండఁబెట్టుదురు. వాఁడు వీరినందఱను మరల వీథులఁ బాడించును. ఎవరితోను చెప్పకుమమ్మా" అని యాయన యామెచే నొట్టు వేయించుకొనెను. దిక్కులేని తనకు విద్యయు బ్రతుకుఁదెరువును జూపినవాఁడు. కాదనుటకు నోరెట్లు వచ్చును? ఒట్టు వైచిన దినమునుండి యామెకుఁ గంటినిండ నిద్ర లేదు.

ధర్మకర్తలలోఁ బెద్దయైన కన్నయ్యశ్రేష్ఠిగారు మంచివారే. ఆచార్యులవారికిఁ జెప్పకయే సన్మానము సేయవలెనని యాయనకు ముచ్చటపుట్టెను. పుట్టినది ఊరకుండునా? మధ్యాహ్నము ఆచార్యులవారు నిద్రించుచుండఁగా సుభద్రమ్మను బూలమాలకై బజారునకుఁ బంపి, బల్లలన్నియు జరిపించి, నడుమ నరఁటిస్తంభములు నాటించి, పూలకుండీలు పేర్పించి, వేదికను తూర్పుగోడనుండి పడమటిగోడకు మార్పించెను. ఆమె తిరిగివచ్చునప్పటికి సభ క్రిక్కిఱిసియుండెను. చూచినంతనే యామె శ్రేష్ఠిగారియొద్దకుఁ బరువెత్తెను.

"అయ్యా! ఈ యింట వస్తువులు కదపరాదను నియమమున్నది కదా!"

"నేఁటి యతిథులు కన్నులున్నవారమ్మా! నియమమునకు నొకపూఁట సెలవిమ్ము" అని శ్రేష్ఠిగారు నవ్వి యామెను దనప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొనిరి. ఇటు చూచిన జనము, అటు చూచిన జనము. లేచిపోవలెనన్నఁ గారణము చెప్పవలయును. చెప్పిన నొట్టు దప్పును. చెప్పకున్న నాయన నలుగురిలోఁ బడును.

ఇంతలో శ్రేష్ఠిగారు లేచి యుపన్యసించిరి. "మహాజనులారా! ఈ రెండేండ్లలో జరిగినంత చక్కని నిర్వహణము మున్నెన్నఁడును జరుగలేదు. ఆచార్యులవారి కంటఁబడకుండ నిచ్చట నీఁగయైన వాలదు!" జనులు చప్పట్లు చఱచిరి. సుభద్రమ్మ తలుపువైపే చూచుచుండెను.

పిలుపందుకొని ఆచార్యులవారు ఎప్పటివలె నిటారుగా లోనికి వచ్చిరి. మోఁకాలు పూలకుండీకిఁ దగిలెను. బల్ల యుండవలసినచోటఁ జేయి చాఁచిరి. అచ్చట గాలి తప్ప నేమియు లేదు. ఆయన యచ్చటనే నిలిచిపోయెను.

"రండి, రండి! ఏల నిలిచితిరి?" అని శ్రేష్ఠిగారు పిలిచిరి. సుభద్రమ్మ చేతిలో మాల నలిగి ఱేకులు రాలుచుండెను.

అప్పుడు తలుపుప్రక్కఁ జాపపైఁ గూర్చున్న పైడమ్మ లేచెను. శరణాలయమునఁ జిరకాలమునుండి యున్న పుట్టుగ్రుడ్డియైన యా ముదుసలి యందఱికంటె మున్నే వచ్చి, మాఱిన దారినంతయుఁ జేతులతోఁ దడవి తెలిసికొనియుండెను.

"బాబూ! ఈయేల ఇల్లు మారిపోనాది. నా బుజం మీద సెయ్యెయ్యండి" అనెను.

ఆయన కొంత తటపటాయించి చేయి వైచెను. ఇరువురును బూలకుండీల నడుమ మెల్లఁగా నడచి వేదికనెక్కిరి. ఇదియు సన్మానములోని యొక ముచ్చటయే కాఁబోలునని జనులు మరల చప్పట్లు చఱచిరి. అమ్మయ్య, గండము గడచెనని సుభద్రమ్మ యనుకొనెనో లేదో, ఆచార్యులవారు గొంతు సవరించుకొనిరి.

"క్రొత్తగాఁ జేరినవారిట్లు భుజముపైఁ జేయివైచి నడచుట ఈ యింటి యాచారము. నేను నేఁడు చేరితిని. నాకు రెండేండ్లుగాఁ జూపు లేదు. ఈ సుభద్ర నాకొఱకు నోరు కట్టుకొని నలిగిపోయినది. అమ్మా, నీ యొట్టు తీరినది."

"మాకెరికే బాబూ" అని పైడమ్మ పకపక నవ్వెను. "తవఁరి అడుగు మా అడుగునాగైపోయి సానా కాలమైపోనాది."

సుభద్రమ్మ లేచెను.

"శ్రేష్ఠిగారూ! ఈ రెండేండ్ల నిర్వహణమువంటిది మున్నెన్నఁడు లేదని మీరిప్పుడే నలుగురిలో సెలవిచ్చితిరి. అది కన్నులులేని నిర్వహణము. నా సన్మానోపన్యాసమింతే."

శ్రేష్ఠిగారు ఉత్తరీయముతో మొగము తుడుచుకొని, ఆచార్యులవారినిఁ జూచి, జనులనుఁ జూచి, తుదకుఁ దనలోఁదానే నవ్వుకొనిరి. "నా మాటతో నన్నే కట్టివైచితివమ్మా! ఆడినమాట వెనుకకుఁ దీసికొనను. ఆచార్యులవారే యుందురు" అని దిగివచ్చి, మొట్టమొదటి పూలకుండీని దామే స్వయముగా నెత్తిరి. అతిథులందఱును బల్లలకుఁ జేయివైచిరి.

దీపములు పెట్టువేళకు ఇల్లు మరల తన చోటికి వచ్చెను. ఆచార్యులవారు పైడమ్మ భుజమునుండి చేయి తీసి యొంటరిగా తన గదివైపు నడచిరి. మాల వేయుట మఱచితినని సుభద్రమ్మ కప్పుడు తోఁచెను. దానిని గదివాకిటి మేకునకుఁ దగిలింపఁబోయి, అది యచ్చట నుండు వస్తువు కాదని తలఁచి, చేయి వెనుకకుఁ దీసి, ఆయన చేతికే యిచ్చెను.