మల్లన్న భుజం మీది గుమ్మడిపువ్వు

సిద్ధమ్మ పట్టు పట్టిందంటే ఆ ఇంట్లో ఎదురు చెప్పేది ఒక్కరే, ఆమె అత్త తాయవ్వ. ఆ ఏడు కరువుకు సిద్ధమ్మ పుట్టినూరు నిర్ణాలో బావులెండిపోయి, పుట్టింటివాళ్ళు విత్తనానికి దాచిన గుమ్మడి గింజలు కూడా వేయించుకు తిన్నారు. చనిపోయిన తల్లి చేతి గింజలు నాలుగు సిద్ధమ్మ దగ్గర మిగిలాయి. వాటికీ పురుగు పడుతోంది, మళ్ళీ వానల దాకా ఆగవు. చలికాలంలో గుమ్మడేమిటని అందరూ నవ్వినా వినకుండా, నౌబాద్‌లోని అత్తింటి ముందుగదిలో పగిలిన నీళ్ళగాబు నిండా మట్టిపోసి ఆ నాలుగూ నాటింది. మొలిచింది ఒక్కటే. అది కాస్తేనే ఆ రకం గుమ్మడి మిగులుతుంది.

కిటికీ ఊచలకు తీగ పాకించి, చలిగాలి తగలకుండా అద్దాలు బిగించింది. తీగ కళకళలాడింది. కానీ మూసిన గదిలోకి తేనెటీగ ఎలా వస్తుంది? ఆడపువ్వులు పిందెతో సహా వాడి రాలిపోసాగాయి.

"ముసురు పట్టినప్పుడు మా అమ్మ మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుతుండె. నేను జేస్త," అంది సిద్ధమ్మ ధీమాగా.

మగపువ్వు దొరికితే కదా! అది మార్గశిరం, ఇంటి దేవుడు మైలార మల్లన్నకు పసుపు వన్నె మీద ప్రీతి. తాయవ్వ తెల్లారకముందే లేచి, పొడుగు కాడల మగపువ్వులన్నీ కోసి పూజకు పెట్టేసేది. పిందె ఉన్నదాన్ని మాత్రం పాపమని ముట్టదు. కాయ మీద అంత దయ చూపి, కాయ కట్టించేవాటినే దేవుడికి ఇచ్చేస్తోంది మహాతల్లి.

రేపు కోయవద్దని సిద్ధమ్మ ముందురోజే చెప్పింది. అలవాటుపడ్డ చెయ్యి ఆగలేదు. తీగ ఎండుముఖం పట్టింది, విచ్చింది ఆఖరి ఆడపువ్వు. ఉన్న ఒక్క మగపువ్వూ, కాడకు తడిపసుపు అంటించుకుని, మల్లన్న విగ్రహం భుజం మీద కూర్చుంది.

"గా పువ్వు నాకియ్యత్తా."

"దేవునికి పెట్టింది మళ్ల తీస్తరా సిద్ధమ్మా? ఆయనిస్తె తీస్కో. కుడిదిక్కు పడితె ఇచ్చినట్టు."

పెళ్ళయినా ప్రయాణమైనా ఆ ఇంట్లో దేవుడి పువ్వు కుడివైపు పడ్డాకే.

"ఇస్తడు. ఎందుకియ్యడు," అంటూ సిద్ధమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎండ కిటికీకెక్కింది. పొద్దెక్కితే మూసుకుపోయే ఆడపువ్వు అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. మల్లన్న కదల్లేదు, పువ్వూ కదల్లేదు. లాక్కుందామనిపించింది కానీ, అత్త నమ్మకాన్ని కాలదన్నడానికి చెయ్యి రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మదంటు ఇదొక్కటే ఉన్నదత్తా."

తాయవ్వ దీపం ఎగదోయడానికన్నట్టు ముందుకు వంగి, బొటనవేలితో పువ్వును కుడివైపుకు మెల్లగా నెట్టింది. అది పళ్ళెంలో పడింది.

"ఇచ్చిండు. జల్ది తీస్కో," అంది కోడలి మొహం చూడకుండా.

సిద్ధమ్మ పరుగున పోయి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ రుద్దింది. పిందె రాలలేదు. చూస్తుండగానే చెంబంత అయింది.

పుట్టి బుద్ధెరిగాక పువ్వు మాట జవదాటని మనిషి, కోడలి తల్లి గింజల కోసం దేవుడి ముందే అబద్ధమాడింది. సిద్ధమ్మకు అత్త కాళ్ళు పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకుంటే, ఆ బొటనవేలిని తాను చూసినట్టు ఆమెకు తెలిసిపోతుంది. అందుకే కాయను చూడవచ్చిన ఇరుగుపొరుగుకు అత్తకంటే ముందు తానే చెప్పేది.

"మల్లన్ననే ఇచ్చిండు. నేను కండ్లార జూసిన."