ఎడమచేతి గుండీలు

కుడిచేతిని బల్ల కింద తొడ మీద పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతోనే గుండీని కాజాలోకి తోస్తున్నాడతను. మూడోసారికి దూరింది. ఇంకా కష్టంగానే ఉంది. బ్లేడు మొనతో కాజాను నూలుపోగంత పెంచి, అంచును మళ్ళీ దారంతో కట్టి, మళ్ళీ తోశాడు. ఈసారి గుండీ సులువుగా వెళ్ళి కూర్చుంది. కొట్టులో ఎవరూ తలెత్తి చూడలేదు. దర్జీ కొట్టు మూలన కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టేవాణ్ణి ఎవరు చూస్తారు? మాస్టారు గుడ్డ కత్తిరిస్తాడు, కాలర్లాయన కాలర్లు వేస్తాడు, చొక్కా బాగా కుదిరితే జనం వాళ్ళనే మెచ్చుకుంటారు. గుండీ ఊడినప్పుడు మాత్రం కాజాలాయన గుర్తొస్తాడు.

యాభై దాటిన మనిషి. బల్ల మీదికి వంగి వంగి మెడ అలాగే నిలిచిపోయింది. చూపుడువేలి కొస సూదిపోట్లకు మొద్దుబారి గోరులా గట్టిపడింది. నోట్లో నాలుక లేనివాడని పేరు. నాలుక లేకేం, ఉంది. దాని మీద ఎప్పుడూ దారప్పోగు ఉంటుంది, అంతే.

బల్ల మీదున్న లేతనీలం చొక్కా అతను తన సొంత గుడ్డతో కుట్టింది. మగవాళ్ళ చొక్కాకి గుండీలు కుడి అంచున, కాజాలు ఎడమ అంచున ఉంటాయి. ఇతను అటువి ఇటూ ఇటువి అటూ పెట్టాడు, ఆడవాళ్ళ చొక్కాకి పెట్టినట్టు. తెలిసే పెట్టాడు. కుడిచెయ్యి పడిపోయిన మనిషికి గుండీలు ఎడమ వైపున్నప్పుడే చేతికి అందుతాయి.

ఆ మనిషి నిన్నమొన్నటిదాకా బస్సు డ్రైవరు. లోకానికి వాళ్ళిద్దరూ స్నేహితులు. ఒకరంటే ఒకరికి ప్రాణమనీ, డ్యూటీ దిగాక డ్రైవరు ఇతని గదికి వచ్చేది పేకాటకి కాదనీ చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. డ్రైవరుకి భార్య ఉంది, కొడుకున్నాడు. ఇతని దగ్గరికి వచ్చింది ఆమె మీద ప్రేమ లేక కాదు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెంటి మధ్యా డ్రైవరు నలిగాడు, పాపం. వాళ్ళిద్దరినీ నలిపాడు కూడా.

చాలా ఏళ్ళ కిందట కాజాలాయన సంగతి సొంత అన్నయ్య పసిగట్టి, "పిల్లలున్న ఇల్లు, ఇంక ఈ గడప తొక్కకు" అన్నాడు. ఆ ఏడాది ఇతను గోడవైపు తిరిగి పడుకునే ఉండిపోయాడు. ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళంతా తడి ఇసుక నింపినట్టు బరువు. డాక్టరు మాత్రలిచ్చి, పెళ్ళి చేసుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయని సలహా కూడా ఇచ్చాడు. మాత్రలు కొంత పనిచేశాయి. మిగతా పని డ్రైవరు చేశాడు. రోజూ డ్యూటీకి ముందు వచ్చి, ఇతన్ని లేపి కూర్చోబెట్టి, చొక్కా తొడిగేవాడు.

"ఒక్క గుండీ పెట్టుకో, చాలు," అనేవాడు. "పైది. మిగతావి నేను పెడతా."

ఆ ఒక్కటీ పెట్టుకుని మళ్ళీ పడుకున్న రోజులున్నాయి. ఒకనాడు రెండు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి అన్నీ తనే పెట్టుకుని వచ్చి ఈ మూల కూర్చున్నాడు. బరువు పూర్తిగా ఎన్నడూ పోలేదు. ఇప్పటికీ కొన్ని ఉదయాలు గుండీ తర్వాత గుండీగా లేస్తాడు.

ఇప్పుడు గోడవైపు తిరిగింది డ్రైవరు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి, పాత స్నేహితుడి హోదాలో ఇతను అప్పుడప్పుడూ ఆ ఇంటికి వెళ్ళి, కాసేపు కుర్చీలో కూర్చుని వస్తున్నాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు కొడుకు తండ్రికి చొక్కా తొడుగుతున్నాడు. మెడ దగ్గర చర్మం నొక్కుకుపోతున్నా చూసుకోకుండా గుండీలు బిగించి, ఫోను మోగితే బయటికి పోయాడు.

"నాకింక చాలురా," అన్నాడు డ్రైవరు, మాట ముద్దగా వస్తుంటే. "చొక్కా కూడా తొడుక్కోలేని బతుకు."

"బుధవారం మధ్యాహ్నం వస్తా. నీ చేత్తో నువ్వే తొడుక్కునే చొక్కా తెస్తా. అందాకా ఓపిక పట్టు."

డ్రైవరు నవ్వాడు. ముఖంలో సగమే కదిలింది. అయినా అది నవ్వే.

ఇవాళ బుధవారం. మధ్యాహ్నం నుంచి సెలవు కావాలని కాజాలాయన ముందే అడిగి ఉంచాడు. చివరి గుండీకి ముడి వేస్తుండగా బల్ల మీద మాస్టారు నీడ పడింది.

"ఏంటిది?" మాస్టారు చొక్కా ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఇంత సర్వీసు చేసి, మగచొక్కాకి ఆడగుండీలా? ఎవరి ఆర్డరిది?"

"ఎవరిదీ కాదు మాస్టారూ. నాదే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాలర్లాయన మిషను ఆపేశాడు.

"ఆయనదేనట! ఇంకేం, జాకెట్టు కూడా కుట్టిద్దాం. ఇన్నాళ్ళూ ఈయనకి పెళ్ళెందుకు కాలేదా అని నేను తెగ ఆలోచించాను. పెళ్ళికొడుకు కాదన్నమాట, పెళ్ళికూతురు!"

కొట్టంతా ఘొల్లుమంది. కొలతలిస్తున్న పెద్దమనిషి కూడా చాపిన చేతులు చాపినట్టే ఉంచి నవ్వాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చెయ్యి పడిపోయిన స్నేహితుడి కోసం కుట్టానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఎవరా స్నేహితుడు, నీకెందుకంత ఆరాటం అని ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ ఇంకో ప్రశ్నకి భయపడే, జీవితమంతా మొదటి ప్రశ్న దగ్గరే నోరు కట్టేసుకున్నాడు. ఇప్పుడూ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అన్నాడు మాస్టారు. "నీదైనా సరే, నా కొట్టులోంచి తప్పు గుండీ బయటికి పోదు." బ్లేడు అందుకుని గుండీలన్నీ టపటపా కోసేశాడు. అవి నేల మీద తలోవైపూ దొర్లాయి. "సెలవూ లేదు గిలవూ లేదు. ఆ స్కూలు యూనిఫారాలు పూర్తిచేసి అప్పుడు కదులు."

కాజాలాయన నేల మీదికి దిగాడు. మిషన్ల కిందకి చేతులు పెట్టి, కాలర్లాయన కాళ్ళ దగ్గర పాకి, గుండీలు ఏరుకున్నాడు. ఒకటి దొరకలేదు. అందరూ భోజనాలకి లేచినప్పుడు ఇస్త్రీ గదిలో కూర్చుని, అన్నం ముట్టకుండా, మళ్ళీ ఎడమ అంచునే కుట్టాడు. తక్కువైన పై గుండీ కోసం కొట్టు డబ్బాలో చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు, అడిగితే మళ్ళీ నవ్వులాట. తను తొడుక్కున్న చొక్కా పై గుండీ కోసి కుట్టాడు. గోధుమరంగుది. నీలం మీద అస్సలు కలవలేదు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా యూనిఫారాలు కుడుతూనే ఉన్నాడు. డ్రైవరు ఎదురుచూస్తుంటాడన్న ఆలోచన తప్ప తలలో ఇంకేమీ లేదు. మిగతావి రేపు పూర్తిచేస్తానని మాస్టార్ని బతిమాలి, చొక్కా సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

డ్రైవరు ఇంటి గేటు తెరిచి ఉంది. వాకిట్లో అద్దె కుర్చీలు, వాటిలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్న మనుషులు. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అయినా కాళ్ళు లోపలికే నడిచాయి.

ముందుగదిలో డ్రైవర్ని పడుకోబెట్టారు. తెల్లచొక్కా, గొంతు దాకా బిగించిన గుండీలు. వాటిలో ఒకటి కాజా తప్పింది. దాంతో కాలరు ఒకవైపు చెంప మీదికి ఎగదన్నింది. కాజాలాయన చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది.

"ముట్టుకోకు," అంది డ్రైవరు భార్య.

ఆమె లేచి అతన్ని గేటు దాకా నడిపించుకొచ్చింది. గొంతు పెంచలేదు. "మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూస్తూ పడుకున్నాడు. అన్నం తినమంటే 'వాడు రానీ' అన్నాడు. నేను బతిమాలి ముద్ద పెడుతుంటే తల వాలిపోయింది. మళ్ళీ అదే దెబ్బ అన్నాడు డాక్టరు."

"నాకు కబురెందుకు చెయ్యలేదు వదినా?"

"ఏమని చెయ్యమంటావు? నువ్వు ఏమవుతావని?"

ఆమె కళ్ళు అతని చేతిలోని సంచి మీద పడ్డాయి. చొక్కా బయటికి లాగి, గుండీల వరస చూసింది.

"ఆడచొక్కానా! ఇన్నేళ్ళూ నేను నోరు మూసుకున్నది చాలలేదా? పోయినవాణ్ణి కూడా నవ్వులపాలు చేస్తావా?"

చొక్కా అతని మీదికి విసిరి లోపలికి వెళ్ళిపోయింది. ఎడమ చెయ్యి సంగతి అతను చెప్పబోయాడు కానీ, అప్పటికే ఆమె వీపు కనబడుతోంది. ఆమెను తప్పు పట్టడానికీ లేదు. ఆ ఇంట్లో ఆమెకూ ఎవరూ ఏదీ విప్పి చెప్పలేదు.

కొడుకు వచ్చి గేటు దగ్గరికి వేశాడు. "రేపు రాకండి బాబాయ్. అమ్మ బాధపడుతుంది." మర్యాదగానే అన్నాడు. గడియ పెట్టుకున్నాడు.

కాజాలాయన అక్కడే నిలబడ్డాడు. ఒంట్లోకి తడి ఇసుక మళ్ళీ దిగుతోంది, అతనికి తెలుస్తూనే ఉంది. రేపు పొద్దున మంచం దిగడం ఎంత కష్టమో ఇప్పుడే తెలుసు. లేపేవాడు పోయాడు. ఎలా లేవాలో మాత్రం నేర్పి పోయాడు. యూనిఫారాలు ఇంకా మిగిలున్నాయి. వెళ్ళాలి.

చొక్కా దుమ్ము దులిపి, గేటు మీది ఊచలకి భుజాలు తగిలించాడు. గాలికి జారిపోయేలా ఉంది. కుడిచేతిని వీపు వెనక పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో పై గుండీని తోశాడు. మొదటిసారికే వెళ్ళి కూర్చుంది. తన చొక్కా తెరుచుకున్న మెడ దగ్గర చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగాడు.

గేటు మీద నీలంచొక్కా ఊగుతోంది, గోధుమరంగు పై గుండీ ఒక్కటే పెట్టి.