పట్టిక అయిపోయిన చోట

లెక్కల టీచరమ్మకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ మధ్యాహ్నం పేపర్లు దిద్దే హాల్లో ఆవిడ చెవులు చూసి పక్క బల్లవాళ్లు కుర్చీలు కాస్త దూరం జరుపుకున్నారు.

పదిహేడో ప్రశ్నతో వచ్చింది తంటా అంతా. 10,22,117 ప్రధాన సంఖ్యా, కాదా? కారణం రాయండి. రెండు మార్కులు. దిద్దేవాళ్లందరి మీదా ఉండే పెద్దసారు తయారుచేసిన జవాబుల కీలో 'ప్రధాన సంఖ్య' అని ఉంది. పొద్దుటినుంచీ టీచరమ్మ కీ పక్కన పెట్టుకుని, కాదన్నవాళ్లకల్లా సున్నాలు చుడుతూ పోయింది. భోజనాలయ్యాక ఒక పేపర్లో ఒక్కటే వరుస కనిపించింది: ఇది 1011 వర్గానికి నాలుగు తక్కువ, కాబట్టి 1009 ఇంటూ 1013. ఆవిడ చిత్తుకాగితం మీద గుణించి చూసింది. అంకెకి అంకె సరిపోయింది.

పేపరు పట్టుకుని విసవిసా పెద్దసారు బల్ల దగ్గరికి నడిచింది.

"ఇది ప్రధాన సంఖ్య అని ఎలా తేల్చారు సార్?"

"పుస్తకం వెనక పట్టిక ఉంది కదమ్మా. రెండు నుంచి 997 దాకా ఒక్కటీ వదలకుండా భాగించాను. దేనికీ పోలేదు."

"997 దగ్గర ఎందుకాగారు?"

"పట్టిక అక్కడితో అయిపోయింది."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. నూట అరవై ఎనిమిదింటితో భాగించిన పెద్దమనిషి నూట అరవై తొమ్మిదోదాన్ని, ఈ 1009ని, చూడలేదు! వర్గమూలం దాకా చూడాలని పిల్లలచేత బట్టీ పట్టించేది మళ్లీ ఈయనే.

"సరే, ఈ పేపరుకి రెండు మార్కులు వేసెయ్యండి. పొద్దుటి కట్టలు సీలైపోయాయి, వాటినిక వదిలెయ్యండి."

"ఎలా వదిలేస్తాను? ఇవే రెండు సంఖ్యలు రాసిన పేపరొకటి అందులో నా చేత్తోనే కొట్టేశాను. మొత్తం ముప్పై మూడొచ్చాయి. పాసు ముప్పై అయిదు! మీ పట్టిక అయిపోయిందని ఆ బిడ్డకి ఏడాది పోవాలా?"

పెద్దసారు గొంతు తగ్గించాడు. "కట్ట విప్పాలంటే దిద్దినవాళ్లు రాసివ్వాలి. కీ ఊసెత్తకుండా మీ పొరపాటని రాయండి. వచ్చే ఏడు మిమ్మల్ని దిద్దడానికి పిలవరు, అంతేగా."

"తప్పు మీది, మొట్టికాయ నాకా?" ఆవిడ కాగితం లాక్కుని నిలబడే రాసింది. 'కీ తప్పు. చూడకుండా దాన్ని నమ్మి కొట్టేసింది నేను.' "ఇద్దరివీ రాశాను. పెట్టండి సంతకం."

పెద్దసారు చుట్టూ చూశాడు. హాలంతా ఇటే చూస్తోంది. పెట్టాడు.

కట్ట విప్పారు. అడుగునుంచి నాలుగో పేపరు. 1009 ఇంటూ 1013, కింద గుణకారం పూర్తిగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. దాని మీద కాగితం చిరిగేంత గట్టిగా ఎర్రగీత. పక్కన ఆవిడ దస్తూరీయే: 'తెలియకపోతే ఊరుకో. అంకెలు పుట్టించకు.'

ఆ మాట రాసినట్టే ఆవిడకి గుర్తులేదు. ముప్పై మూడుని ముప్పై అయిదు చేసింది. తన మాటని కొట్టేసి సంతకం పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ గుణకారం చదవడానికి అర నిమిషం పట్టేది.