రంగు పోయాక బల్లి వస్తుంది

అత్తగారికి చెవులు వినబడటం మానేసి చాలా ఏళ్ళయింది. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చారు కానీ, "ఇందులో కందిరీగ ఉందర్రా" అని ఆవిడ దాన్ని సొరుగులో పడుకోబెట్టింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలు రెండు దారులు పట్టాయి. కొడుకు అరిచేవాడు. సిటీ బస్సు డ్రైవరు కాబట్టి అరవడం అతనికి కొత్త కాదు. కాకపోతే "తిన్నావా అమ్మా" అన్న మాటను వీధి చివరిదాకా వినబడేలా అరిస్తే అది ప్రేమలా ఉండదు, కొట్లాటలా ఉంటుంది. కోడలికి అరవడం చేతకాదు. ఆమె కనుబొమ్మలతో మాట్లాడేది.

ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన విద్య కాదు. రెండు బొమ్మలూ పైకి లేస్తే టీ పెట్టనా అని. ముడిపడితే గుమ్మంలో ఎవరో ఉన్నారని. టకటకా రెండుసార్లు ఎగిరితే, ఇప్పుడు కాదు, తర్వాత చెప్తానని. ఎడమది ఒక్కటే లేస్తే, మీ అబ్బాయి అబద్ధం చెబుతున్నాడని. భోజనాల దగ్గర ఆయనగారు బస్సు కబుర్లు చెబుతుంటే, ఆయన పళ్ళెం మీదుగానే అత్తాకోడళ్ళు ఆయన్ని చెరిగేసేవాళ్ళు. అమ్మ ఎందుకు నవ్వుతోందో ఆ అమాయకుడికి ఎన్నడూ తెలియలేదు.

కిందటేడు కోడలికి పెద్ద జబ్బు చేసింది. బతికి బట్టకట్టింది, అదే పదివేలు అన్నారందరూ. మందుల ధాటికి రాలిన జుట్టు తలమీద తిరిగి మొలిచింది. కనుబొమ్మలు మాత్రం అలిగిపోయినట్టు రాలేదు. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా జనం ముక్కుల మీద ఫ్రేములు సరిచేస్తూ నాలుగు గోడల అద్దాల మధ్య తిరుగుతుంది. తన ముఖం నుంచి తప్పించుకుందామన్నా వీలుండదు. ఆ బాధను ఎలాగో దిగమింగింది. మింగుడుపడనిది ఇంట్లో జరిగింది. నుదురు ఎంత లేపినా అత్తగారి ముసలి కళ్ళకు ఏమీ ఆనలేదు. "కోపమా?" అని అడిగేది ఆవిడ మొదట్లో. కాదని తల ఊపితే నమ్మేది కాదు. నిమ్మకు నీరెత్తినట్టున్న ముఖాన్ని చూసి ఎవరు మాత్రం నమ్ముతారు? పోను పోను అడగడమూ మానేసింది. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, ఇంటికి వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టింది. జబ్బులో తన కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి అలా వీపు చూపిస్తుంటే కోడలి ప్రాణం ఉసూరుమనేది. ఆవిడతో మాటలు తిరిగి రాకపోతే తను బతికి వచ్చినా సగమే వచ్చినట్టు ఉండేది ఆమెకు.

పెన్సిలుతో గీసుకుని చూసింది. ఓ రోజు తొందరలో ఎడమ బొమ్మ కాస్త ఎత్తుగా పడింది. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు కుర్చీలోంచి లేచి, "ఏరా, ఏం అబద్ధం చెప్పావురా?" అని కొడుకును నిలదీసింది. అతను ఏమీ చెప్పలేదని మొత్తుకున్నాడు. కోడలి బొమ్మ దిగలేదు. ఆవిడ వదల్లేదు. చివరికి పాపం అతను, కొత్త టిఫిన్ బాక్సు బస్సులో పోగొట్టుకుని ఇంట్లోనే ఎక్కడో ఉందని చెప్పిన సంగతి ఒప్పేసుకున్నాడు. కోడలు నవ్వి నవ్వి స్నానాలగదిలోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. బయటికి వచ్చేసరికి బొమ్మల్లేవు. అత్తగారు ఒక్కసారి చూసి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది.

మర్నాడే కోడలు తన డాక్టర్ను అడిగింది, ఆయన సరేనన్నాక పచ్చబొట్టులా కనుబొమ్మలు గీసే అమ్మాయి దగ్గరికి బయల్దేరింది. "ముఖం మీద కత్తి పెట్టించుకుంటూ ఒక్కదానివే వెళ్తావా?" అని అత్తగారూ వెంటపడింది. అక్కడ ఆ పిల్ల పేరు పలకడం రాక, బొమ్మలు గీస్తుంది కాబట్టి బొమ్మలమ్మ అని అక్కడికక్కడే ఆవిడే పేరు పెట్టేసింది.

బొమ్మలమ్మ నొప్పి తెలియకుండా తిమ్మిరి మందు రాసి, సూదుల వరసలాంటి సన్నని కత్తితో వెంట్రుకకో గీత చొప్పున ఓపిగ్గా గీసింది. అయ్యాక జాగ్రత్తలు చెప్పబోతే అత్తగారు అడ్డం పడింది.

"ముందా మూతిగుడ్డ తియ్యమ్మా. నీ పెదాలు కనబడకపోతే నాకు వినబడదు."

బొమ్మలమ్మ నవ్వి మాస్కు కిందికి లాగింది. "మొదట్లో నల్లగా, లావుగా ఉంటాయక్కా. అద్దంలో చూసుకుని నన్ను తిట్టుకోకండి. తర్వాత దురద పుడుతుంది, సన్నగా పక్కులు కడతాయి. గోకొద్దు, పీకొద్దు, వాటంతటవే రాలాలి. తడి, చెమట తగలనివ్వొద్దు. ఈ మందు బియ్యపుగింజంత రాస్తే చాలు. పక్కులు రాలాక అసలు రంగే లేనట్టుంటుంది. అందరూ అప్పుడే నాకు ఫోన్ చేసి ఏడుస్తారు. కంగారు పడకండి. పైన కొత్త చర్మం వస్తుంది కదా, అందుకని. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. ఎక్కడైనా వెలితి ఉంటే ఇంకోసారి కూర్చోబెట్టి పూడుస్తా."

అత్తగారు అంతా శ్రద్ధగా చూసింది. ఆఖర్న ఎందుకో ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇంటికి రాగానే చీపురు చేతబట్టి పైకప్పు మూలలన్నీ వెతికింది. కిటికీలన్నీ మూయించింది. కుర్చీని కోడలి మంచం వైపు తిప్పి, చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మకేమైంది?" అన్నాడు కొడుకు.

"బల్లులంటున్నారు. ఏం బల్లులో మరి," అంది కోడలు.

చెప్పినట్టే బొమ్మలు నల్లబడ్డాయి. మామూలు నలుపా, బొగ్గుతో రాసినట్టు! "టికెట్ లేకుండా ఎక్కినా నిన్ను దింపే ధైర్యం నాకు లేదే," అన్నాడు భర్త. దుకాణంలో జనం జోడు పెట్టుకుని అద్దంలో తమను వదిలేసి ఆమెను చూశారు. అత్తగారు మాత్రం దగ్గరికొచ్చి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, తేరిపార చూసి, "కోపంగా ఉన్నా కనబడుతున్నావు, అది చాలు," అంది. ఆ మాటకు కోడలికి కళ్ళు చెమర్చాయి. తడి తగలకూడదని గుర్తొచ్చి గబుక్కున తల పైకెత్తుకుంది.

దురద మొదలయ్యాక అత్తగారి అసలు ప్రతాపం బయటపడింది. కోడలి చెయ్యి నుదుటి దాకా వెళ్ళిందంటే చటుక్కున దెబ్బ పడేది, చంటిపిల్లకు పడ్డట్టు. ఆవిరి తగులుతుందని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. చెమట పడుతుందని చీపురు పక్కన పెట్టి విసనకర్ర పట్టుకుంది. నెలల తరబడి గోడలా నిలబడ్డ ఆ వీపు కోడలికి మరి కనబడలేదు. అయితే ఇద్దరికీ ఇంకా మాట కలవలేదు. పక్కుల కింద బొమ్మలు బిగుసుకుపోయాయి, లేపితే లాగేవి.

పక్కులు రాలాయి. ఆ మధ్యాహ్నం దుకాణంలో ఒకావిడకు ఫ్రేము సరిచేస్తూ అద్దంలోకి చూసిన కోడలు ఫ్రేము వదిలేసి అద్దం దగ్గరికి జరిగింది. ఏమీ లేదు. ఏదో బూడిదరంగు మరక, అంతే. బొమ్మలమ్మ చెప్పిందంతా తెలుసు. తెలిసినా ఏడుపు ఆగితేనా? ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా అత్తగారి ముందు నేలమీద కూలబడింది.

"పోయాయి అత్తయ్యా," అంది, పెదాలు కనబడేలా. "అంతా పోయింది."

అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని వెలుగుకేసి తిప్పి చూసింది.

"పోతుందనే కదే ఆ పిల్ల చెప్పింది? అప్పుడే ఏడుపెందుకు? ఇంకా బల్లే రాలేదు!"

"బల్లి ఏంటత్తయ్యా?"

"నా కళ్ళారా చూశాను. రంగు పోయాక, కొన్నాళ్ళకి బల్లి వస్తుందంది. ఆ పక్కులు తినడానికొస్తుంది కాబోలనుకుని, ఇన్నాళ్ళూ ఒక్క కునుకు తీయకుండా కాపలా కాశాను. ఇప్పుడనిపిస్తోంది, రానీ. వస్తేనేగా రంగొచ్చేది?"

కోడలు ఎదురుగా అద్దంలో చూసుకుంటూ నెమ్మదిగా పలికింది: మళ్ళీ. తర్వాత: బల్లి. పెదాలు రెండుసార్లూ ఒకేలా కలుసుకుని ఒకేలా విడిపోయాయి. "మళ్ళీ అత్తయ్యా! మళ్ళీ, మళ్ళీ!" అని గోడ మీద వేలితో అక్షరాలు రాసి చూపించింది. ఆవిడకు అర్థం కావడానికి కొంచెం పట్టింది. అర్థమయ్యాక ఇద్దరూ పొట్ట పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వారు. కోడలు ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియలేదు. సిగ్గేసి అత్తగారు ఆ సంగతి కొడుక్కి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత ఎవరూ అద్దం ముందు కాపలా కాయలేదు. కోడలు పనికి వెళ్ళి వచ్చింది. కిటికీలు తెరుచుకున్నాయి. చీపురు మాత్రం ఎందుకో కుర్చీ పక్కనే ఉండిపోయింది.

ఓ సెలవునాడు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. కొడుకు రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేశాడు.

"ఆకలి లేదా?" అంది భార్య.

"ఏమోనే. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అయినా ఎందుకో ఆకలే వేయట్లేదు."

అతని చొక్కా గుండీ మీద బిస్కట్ పొడి అంటుకుని ఉంది. కోడలు ఏమీ అనుకోలేదు, కావాలని ఏమీ చేయలేదు. ఎడమ కనుబొమ్మ దానంతటదే పైకి లేచింది.

"ఎన్ని బిస్కట్లు తిన్నావురా?" అంది అత్తగారు.

"నీకెవరు చెప్పారమ్మా? చెవులొచ్చాయా నీకు?"

ఆవిడ అతని వైపు చూడనేలేదు. బల్లమీదుగా వంగి, కోడలి ముఖంలోకి, ఇంతకాలం వెతికిన చోటికి చూస్తోంది. అక్కడ రెండు బొమ్మలు, లేత గోధుమరంగులో, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేలా కనబడుతున్నాయి.

"బల్లి వచ్చిందే అమ్మాయ్," అంది.

కొడుకు గభాలున తలెత్తి పైకప్పు వైపు చూశాడు. "ఎక్కడ? ఎక్కడమ్మా?"

కోడలు కనుబొమ్మలు టకటకా రెండుసార్లు ఎగరేసింది. అత్తగారు కుర్చీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.