తనకు తానే విరుగుడు

గ్లౌజును తిరగేసే కుడతారు. కుట్లన్నీ బయటికి, మంచివైపు లోపలికి. ఆ తర్వాత బల్లకు బిగించిన మొద్దు కడ్డీకి ఒక్కో వేలూ ఆనించి లాగితే కుట్లు లోపలికి పోతాయి. అప్పుడది చేతికి తొడుక్కునే గ్లౌజు. ఆ గ్లౌజుల షెడ్డులో అక్క మెషిన్ మీద కుట్టేది, చెల్లెలు పక్క బల్ల దగ్గర తిరగేసేది.

చెల్లెల్ని అందరూ లెక్కలమ్మ అంటారు. బడి మానేసినా లెక్కల పిచ్చి మానలేదు. చేరిన కొత్తలో ఒకరోజు గ్లౌజు పైకెత్తి, "చూడక్కా, దీన్ని ఇంకోసారి తిప్పానంటే మళ్ళీ మొదటికే వస్తుంది. ఋణానికి ఋణం ధనమైనట్టు. ఈ తిప్పుడు తనకు తానే విరుగుడు" అంది.

"మరి నీ వాగుడికి విరుగుడేంటే?" అంది అక్క. షెడ్డంతా నవ్వింది.

ఇప్పుడు లెక్కలమ్మ కాన్పయి పదహారో రోజు. పదిహేను రోజులకు మించి పనికి రాకపోతే పేరు కొట్టేస్తానని సూపర్‌వైజరు ముందే చెప్పాడు. పనివాళ్ళు అతన్ని గడియారం అంటారు. "కాన్పయిపోయింది, కడుపు ఖాళీ అయింది. మనిషి మొదటికొచ్చినట్టే కదా!" అన్నాడు మహానుభావుడు.

కడుపేమన్నా గ్లౌజా, ఇలా లాగితే అలా రావడానికి? తొమ్మిది నెలలు సాగిన గర్భసంచి తనంతట తాను ముడుచుకోవాలి. ఆస్పత్రిలో నర్సు అక్క చేతిని చెల్లెలి బొడ్డు దగ్గర నొక్కి పట్టి నేర్పింది. "గట్టిగా బంతిలా తగులుతోందా? రోజుకి వేలెడు కిందికి దిగాలి. పన్నెండో రోజుకి చేతికి దొరక్కూడదు. దొరికితే పరిగెత్తుకు రండి."

అక్క రోజూ కొలిచింది. ఆరో రోజు దాకా దిగింది. అక్కడ ఆగింది. పద్నాలుగో రోజున కూడా అక్కడే ఉంది. అక్కకి భయం పట్టుకుంది. కానీ ఇక్కడ పేరు పోతే ఇంకో షెడ్డువాడు రానివ్వడు. "ముందు పనిలో కనపడదాం, మర్నాడు ఆస్పత్రికి పోదాం" అంది. ఆ మాట అన్నది అక్కే. పసిగుడ్డును పక్కింటి అత్తకు అప్పజెప్పి ఇద్దరూ పనిలోకొచ్చారు.

భోజనాలయ్యాక గడియారం చెకింగ్ బల్ల దగ్గర్నుంచి ఒక పెట్టె మోసుకొచ్చి లెక్కలమ్మ ముందు కుమ్మరించాడు. పెట్టెడు గ్లౌజులూ కుట్లు బయటికే.

"పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావు? నిద్రపోతున్నావా?"

"తిప్పాను సారూ."

"తిప్పితే ఇలా ఎందుకుంటాయి?"

లెక్కలమ్మ ఒకటి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. "రెండుసార్లు తిప్పానేమో" అంది.

అక్క మెషిన్ వదిలి లేచింది. నిద్రలో లేపి అడిగినా లెక్క తప్పని పిల్ల అది. "సారూ, దానికి ఒంట్లో బాగోలేదు. గేటు పాసివ్వండి, ఆస్పత్రికి తీసుకెళ్తాను."

"పెట్టె సరిచేసి వెళ్ళండి. తప్పూ మీరే చేసి, పాసూ మీరే అడిగితే ఎట్లా?"

వాదిస్తే పొద్దుపోతుంది, తిప్పేస్తే అయిపోతుంది అనుకుంది అక్క. ఇది రెండో తప్పు. చెల్లెల్ని స్టూలు మీద గోడకానించి కూర్చోబెట్టి తిప్పడం మొదలెట్టింది. గ్లౌజుకి అయిదు వేళ్ళు. ఒక వేలు, ఇంకో వేలు, ఇంకో వేలు. ఎంత తిప్పినా కుప్ప తరగదు. సాయానికొచ్చిన చెకింగ్ పెద్దమ్మ గబుక్కున ఆగింది.

"ఏమే, ఆ స్టూలు కింద ఏంటది?"

నెత్తురు. బొట్లు కాదు, మడుగు. అక్క చెల్లెలి పొత్తికడుపు మీద చెయ్యేసింది. సంచి నానిన గుడ్డలా మెత్తగా ఉంది.

"చలేస్తోందక్కా" అంది లెక్కలమ్మ.

అక్క ఒక్క ఉదుటున పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. మెషిన్లన్నీ చచ్చినట్టు ఆగాయి.

"ఎవరాపింది?" గడియారం అరిచాడు.

"నేనే. నా పేరు కూడా కొట్టేసుకో!"

"ఒక్క పేరెందుకయ్యా, పేర్ల కాగితమంతా చింపెయ్" అంది పెద్దమ్మ. ఆడవాళ్ళందరూ లేచారు. పెట్టెలు తోసే ట్రాలీ మీద లెక్కలమ్మను పడుకోబెట్టారు. గేటు దగ్గర వాచ్‌మన్ పాసేదన్నాడు. ట్రాలీ ఆగలేదు.

ఆస్పత్రి రెండు వీధుల అవతల. ఇన్నాళ్ళూ రెండే వీధుల అవతల ఉంది. డాక్టరమ్మ లోపలికెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చింది. "కాన్పప్పుడు మాయ ముక్క లోపల ఉండిపోయింది. అందుకే సంచి ముడుచుకోలేదు. నర్సు చెప్పింది కదమ్మా! ఎక్కడికి పోయారిన్నాళ్ళూ?"

"దానికెలా ఉందమ్మా?" అంది అక్క.

"ముక్క తీశాం. నెత్తురు ఆగట్లేదు. సంచి తీసేస్తే ప్రాణం దక్కచ్చు. మాటివ్వలేను. సంతకం పెట్టు."

స్ట్రెచర్ తోసుకెళ్తుంటే లెక్కలమ్మ సగం కళ్ళు తెరిచింది. "నా పేరుంచారా అక్కా?"

"ఉంచారే" అంది అక్క. కాగితం గోడకానించి సంతకం పెట్టింది. తలుపులు మూసుకున్నాయి.

వరండా నిండా షెడ్డు ఆడవాళ్ళే. అక్క చేతుల్లో తడి చీరకు తుడుచుకుని అందరి మొహాలూ చూసింది.

"ఇంటి దగ్గర పసిగుడ్డు ఆకలికి ఏడుస్తుంటుంది. మీలో పాలున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"